మావయ్యగారి జాయ్‌స్టిక్కు, నా మౌసు

మావయ్యగారు పోయారన్న కబురు నాకు ఫోనులో వచ్చింది. కొత్తపేటలో నేను పనిచేసే ప్రెస్సులో కూర్చుని ఎవరిదో పెళ్ళికార్డు కంపోజు చేస్తున్నాను. ఫోను చేసింది మా పక్కింటి పిన్నిగారు. "అమ్మాయ్, మీ మావయ్యగారు పోయేరమ్మా, వెంటనే వచ్చెయ్యి" అన్నారు. నాకు ఏడుపు రాలేదు. "ఎవరు చెప్పేరండీ? మీరు కళ్ళతో చూసేరా?" అని అడిగాను. ఆవిడ "చూసే చెబుతున్నానమ్మా" అన్నారు, నొచ్చుకున్నట్టు. అప్పటికీ నమ్మకుండా ఆ ఫోను పెట్టేసి ఇంటికి చేశాను. అత్తయ్యగారు ఎత్తారు. ఆవిడ గొంతు విన్నాక ఇంక అడగడానికేమీ మిగల్లేదు.

నన్ను రాతిమనిషి అనుకోకండి. ఆ పద్ధతి ఆయన నేర్పిందే. "ఫోనులో వచ్చిన కబురు సగమే నమ్మాలమ్మా. మిగతా సగం ఇంకోళ్ళని అడిగి నింపుకోవాలి" అనేవారు. ఆయన పోయిన కబురుని కూడా ఆయన చెప్పినట్టే తెలుసుకున్నాను.

ఇంటికి వెళ్ళేసరికి వీధి వసారాలో చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. అత్తయ్యగారు నన్ను చూడగానే, "పొద్దున్న కాఫీలో పంచదార వేసేనంటే నమ్మలేదే అమ్మాయ్. వెయ్యలేదన్నారు. తాగి చూడండి అన్నాను. తాగి, 'ఆయ్, వేసేవు' అన్నారు. అదే ఆఖరి మాట" అని నా భుజం మీద పడిపోయారు. అప్పుడు వచ్చింది ఏడుపు, ఇద్దరికీ కలిపి.

మావయ్యగారంటే మా ఆయన తండ్రి. చాలా ఏళ్ళు గల్ఫులో క్రేను నడిపారు. మా ఊళ్ళో గల్ఫు వెళ్ళని ఇల్లు వెతికితే గానీ దొరకదు కాబట్టి అందులో వింతేమీ లేదు. వింతంతా ఆయన అనుమానాల్లో ఉండేది. వాటి గురించి చెప్పకపోతే ఆయన గురించి ఏమీ చెప్పనట్టే.

బస్సు మీద అమలాపురం అని బోర్డు ఉన్నా కండక్టరుని అడిగేవారు. కండక్టరు అమలాపురమే అన్నాక ఎక్కి, కూర్చుని, పక్కవాణ్ణి అడిగేవారు. మా దొడ్లో మా చెట్టుకి కాసిన కొబ్బరికాయనే చెవి దగ్గర పెట్టుకుని ఊపి, నీళ్ళ చప్పుడు విన్నాకే లోపలికి పంపేవారు. ఐనవిల్లి గుడికి వెళితే చెప్పులు చెరో చోట విడిచేవారు. ఒకటి ఈ మూల, ఇంకోటి ఆ మూల. "జత దొరకనివాడు ఎత్తుకెళ్ళడమ్మా. దేవుడి మీద నాకు నమ్మకమే, గుమ్మం బయటున్నవాళ్ళ మీదే లేదు" అనేవారు. ఓసారి దర్శనమయ్యాక రెండో చెప్పు ఎక్కడ విడిచారో ఆయనకే గుర్తు రాక మేమంతా గుడి చుట్టూ తిరిగాం.

అన్నిటికన్నా పెద్ద అనుమానం తలమీద ఉండేవాటి మీద. ఫ్యాను కింద పడుకునేవారు కాదు. ఎంత ఉక్కగా ఉన్నా మంచం పక్కకి లాక్కునేవారు. కొబ్బరిచెట్టు కింద నడిచేవారు కాదు. కోనసీమలో కొబ్బరిచెట్టు కింద నడవనంటే ఎలా కుదురుతుందో మీరే ఆలోచించుకోండి. ఆయన వీధిలో వస్తూంటే దూరం నుంచి చూసేవాళ్ళకి తాగి వస్తున్నట్టుండేది, అటో వంకర, ఇటో వంకర. ఊళ్ళో వాళ్ళు ఎగతాళి చేస్తే నవ్వేవారు. "వేలాడేదాన్ని నమ్మకూడదమ్మా. వేలాడదీసేవాణ్ణి నేను, నాకు తెలుసు" అని నాతో అన్నారొకసారి.

నా పెళ్ళిచూపుల్లో కూడా మిగతావాళ్ళు వంటలూ పాటలూ అడుగుతూంటే ఆయన మాత్రం, "కంప్యూటరు నేర్చుకున్నావట కదమ్మా. అది తప్పు చెప్పిందనుకో, నీకెలా తెలుస్తుంది?" అని అడిగారు. ఏం చెప్పాలో తెలియక, "ఇంకోసారి చేసి చూస్తానండి" అన్నాను. "ఆయ్" అని తల ఊపారు. సంబంధం ఖాయమైంది ఆ మాట మీదేనని మా ఆయన ఇప్పటికీ అంటారు. నేను నమ్మను. కానీ కొట్టిపారెయ్యనూ లేను.

కంప్యూటర్లు మా వైపు అప్పుడప్పుడే ఇళ్ళల్లోకి వస్తున్న రోజులు. ప్రెస్సు పని ఇంటి దగ్గర కూడా చేసుకోవచ్చని మా గదిలో ఒకటి కొనిపెట్టుకున్నాను. వెనకంతా పొడుగ్గా ఉండే మానిటరు, కింద బంతి ఉండే మౌసు. ఆ ఏడు మావయ్యగారు సెలవు మీద వచ్చారు.

గల్ఫు నుంచి వచ్చిన పెట్టె విప్పడం మా వైపు ఒక చిన్న పేరంటం. చుట్టాలూ ఇరుగుపొరుగూ వచ్చి హాల్లో చుట్టూ కూర్చుంటారు. ఎవరూ ఏమీ అడగరు, అందరూ చూస్తూంటారు. ఆ రోజు కూడా అలాగే తాళ్ళు కోసి పెట్టె తెరిచారు. కంబళ్ళు, సబ్బులు, సెంటు సీసాలు, టార్చిలైట్లు, పాలపొడి డబ్బాలు ఎవరివి వాళ్ళకి పంచారు. అట్టడుగున ఇంకో పెట్టె ఉంది. అందులోంచి నల్లటి కర్ర ఒకటి, ముందుకీ వెనక్కీ జరిగే పిడి ఒకటి, చివర్న కాళ్ళతో తొక్కే పలకల జత ఒకటి తీశారు.

తొక్కే పలకలు చూసి అత్తయ్యగారి మొహం వెలిగిపోయింది. "కుట్టుమిషను తెచ్చేరా!" అన్నారు. పక్కింటి పిన్నిగారు ముందుకు వంగి చూసి, "మోటారు మిషనే. మా చెల్లెలికీ ఇలాంటిదే వచ్చింది" అని ఖాయం చేసేశారు. మావయ్యగారు పెట్టెలోకీ మనుషులకేసీ చూసి, "కాదండీ, ఇది కంప్యూటర్లో విమానం ఆడుకునేదండీ" అన్నారు. ఎవరూ నమ్మలేదు. నమ్మకపోవడం ఎలా ఉంటుందో ఆయనకి ఆ రోజు మేమంతా రుచి చూపించాం. మర్నాడు పొద్దున్నే పిన్నిగారు జాకెట్టు గుడ్డలు పట్టుకుని వచ్చేశారు.

విమానం ఆట అన్న మాట విన్నాక అత్తయ్యగారి మొహం వాడిపోయి, తర్వాత బిగుసుకుంది. వంటింట్లోకి నన్ను పిలిచి, "ఈయన జన్మలో పేక ముక్క ముట్టుకోలేదు. ఇంత వయసొచ్చేక ఆటేంటే? ఏదో ఉంది" అన్నారు. నాకూ అలాగే అనిపించింది.

ఆ సరంజామా బిగించడం ఒక పెద్ద పనైంది. జాయ్‌స్టిక్కు అనే ఆ కర్ర తీగ కంప్యూటరు వెనక సౌండు కార్డుకి, పెడళ్ళ తీగ కర్రకి. మా ఇంటి గచ్చు నున్నగా ఉంటుంది, తొక్కినప్పుడల్లా పెడళ్ళు గోడదాకా జారిపోయేవి. మావయ్యగారు కింద గోనెసంచి పరిచి, వెనక అడ్డంగా రుబ్బురోలు పొత్రం పెట్టారు. అట్లకి రుబ్బుకోవాలంటే అత్తయ్యగారు విమానం దిగేదాకా ఆగాల్సి వచ్చేది.

ఆటకి అదంతా అక్కర్లేదని నా వాదన. మౌసుతో కూడా విమానం నడుస్తుంది. నేను ఆయన ఎదురుగానే మౌసు పట్టుకుని విమానం లేపి, ఊరు చుట్టూ ఓ తిప్పు తిప్పి, రన్‌వే మీద దింపాను. కాస్త ఎగిరెగిరి పడిందిగానీ దిగింది.

"నేన్నమ్మనమ్మా" అన్నారు.

"మీ ముందే కదండీ దింపేను?"

"దిగింది. నువ్వు దింపేవంటే నమ్మను. ఆ సబ్బుబిళ్ళని బల్లమీద రుద్దితే విమానానికేం తెలుస్తుంది?"

మౌసుని ఆయన సబ్బుబిళ్ళ అనే పిలిచేవారు. ఆయన లెక్క ప్రకారం, క్రేనులో ఆయన పట్టుకునే కర్రలాగే, చేతికి బరువు తెలియాలి. కర్రని పక్కకి లాగితే అది ఎదురు తంతుంది, ఎంత లాగామో మణికట్టుకి తెలుస్తుంది. పిడి ఎక్కడ పెడితే అక్కడ ఉంటుంది, ఇంజను ఎంత వేగంలో ఉందో చూడకుండానే తెలుస్తుంది. కాళ్ళకి కూడా పనుంటుంది కాబట్టి మనిషంతా విమానంలో ఉన్నట్టుంటుంది. "వదిలేస్తే మధ్యకొచ్చి నిలబడేది మంచిదమ్మా. నీ సబ్బుబిళ్ళ వదిలేస్తే ఎక్కడ తప్పు చేసేవో అక్కడే కూర్చుంటుంది" అన్నారు. చిన్న బల్ల, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊరు, ఆట కోసం వంటింటి పొత్రం ఇవన్నీ ఎందుకని నేను. మధ్యాహ్నం భోజనాలయ్యాక రోజూ ఇదే తగువు. కోడలు మావగారితో తగువు పడటం ఆ ఇంట్లో అదే మొదలు. ఆయనకి అది ఇష్టమని నాకు తెలుస్తూనే ఉండేది.

మొదటి రోజు విమానం కుదురుగా వెళ్ళలేదు. రెక్కలు ఇటూ అటూ ఊగుతూ ఉంది. కొత్త సామాను కదా, కర్రలో లోపమనుకున్నాను. సెట్టింగుల్లో వెతికితే ఒక సదుపాయం కనబడింది. కర్ర నడుమ కాస్త ఖాళీ పెట్టుకోవచ్చు. ఆ ఖాళీలో కర్ర ఎంత కదిలినా విమానం పట్టించుకోదు, అది దాటి కదిపితేనే వింటుంది. ఊగడం పూర్తిగా ఆగేదాకా ఆ ఖాళీ పెంచాను. "ఇప్పుడు చూడండి మావయ్యగారూ" అన్నాను. విమానం తాడు కట్టి లాగినట్టు తిన్నగా వెళ్ళింది. ఆయన మొహంలో ఎంత తేటదనం వచ్చిందంటే, ఆట కోసం మనిషి ఇంత సంతోషపడతాడా అని నాకు లోపల ఓ మూల ఏదో గుచ్చుకుంది.

సెలవు అయిపోవస్తోంది. టిక్కెట్టు మాట ఆయన ఎత్తడం లేదు. వీసా గడువు దాటితే మళ్ళీ రానివ్వరని ఇంట్లో అందరికీ తెలుసు. మేడమీద వేసిన స్తంభాలు ఇంకా కప్పు లేకుండా నిలబడి ఉన్నాయి. మా ఆయన అల్లవరంలో రొయ్యల చెరువుల దగ్గర పనిచేసేవారు. ఆ ఏడు చెరువులకి తెల్లమచ్చ తెగులు తగిలి పని ఉంటుందో ఊడుతుందో తెలియని పరిస్థితి. ఇల్లు మావయ్యగారి మీదే నడుస్తోంది.

ఊరు ఊరుకుంటుందా! ఈ వయసులో పైలెట్టు పరీక్షకి చదువుతున్నారట అని ఒకరు, అక్కడ ఉద్యోగం ఊడిపోయిందట అని ఇంకొకరు. అత్తయ్యగారి అనుమానం వేరు. ఓ మధ్యాహ్నం చింతపండు పిక్కలు తీస్తూ, గొంతు తగ్గించి, "అక్కడింకెవరైనా ఉన్నారంటావా అమ్మాయ్?" అన్నారు.

"క్రేనెక్కి అంత ఎత్తులో కూర్చునే మనిషికి ఎవరు దొరుకుతారండీ?" అన్నాను నవ్విద్దామని.

ఆవిడ నవ్వలేదు. "నువ్వు కనిపెట్టి చూడు. రోజూ ఆ గదిలో నువ్వే కదా ఉండేది" అన్నారు.

నాకు కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు, అప్పటికే చూస్తున్నాను. ఆయన గడ్డం తనే గీసుకోవడం మానేసి మంగలి దగ్గరికి వెళుతున్నారు. మజ్జిగ గ్లాసు నిండా పొయ్యబోతే "సగమే పొయ్యమ్మా" అంటారు, తాగేసి మళ్ళీ సగం అడుగుతారు. దాహం ఉన్నవాడు సగం ఎందుకడుగుతాడు? ఎవరైనా గదిలోకి వస్తే కుడిచెయ్యి కర్ర మీదకి వెళ్ళిపోతుంది, ఆట నడవకపోయినా సరే. ఇవన్నీ విడివిడిగా ఏమీ కావు. కలిపితే ఏమవుతుందో చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు.

కలిపి చూసింది ఆయనే. ఓ రోజు విమానాన్ని సముద్రం వైపు నుంచి తీసుకొచ్చి పువ్వులా దింపారు. అంత బాగా ఎప్పుడూ దింపలేదు. నేను "భలే!" అన్నాను. ఆయన తెర చూడటం లేదు, తన చెయ్యి చూసుకుంటున్నారు.

"అమ్మాయ్, ఇదేదో నన్ను వెనకేసుకొస్తోంది."

"ఏదండీ?"

"ఈ కర్ర. నేను చేసిందానికంటే బాగా చేస్తోంది. మొదటి రోజు ఊగింది కదా, తర్వాత ఊగటం లేదు. నాకంత తొందరగా వచ్చేసిందంటే నేన్నమ్మను. నువ్వేదైనా చేసేవా?"

చేసింది చెప్పాను. ఖాళీ అంటే ఏంటో, అది ఏం చేస్తుందో వివరంగా చెప్పాను.

"అది తీసెయ్యి" అన్నారు.

"తీస్తే ఊగుతుందండి. కర్రలోనే ఏదో లోపం..."

"లోపం ఎందులో ఉందో అదే చూడాలమ్మా. తీసెయ్యి."

తీశాను. విమానం గాల్లో నిలబడలేదు. ఎడమ రెక్క, కుడి రెక్క, మళ్ళీ ఎడమ. ఆయన కర్రని మరింత గట్టిగా పట్టుకున్నారు, మరింత ఊగింది. "నువ్వు పట్టుకో" అన్నారు. నేను పట్టుకుంటే తిన్నగా వెళ్ళింది. కావాలని కాస్త ఊపుదామా అనిపించింది కూడా. కానీ ఆయన నా వేళ్ళవంకే చూస్తున్నారు.

"అయినా కర్రని నమ్మకూడదు. దీనికి స్ప్రింగు ఉంది, మధ్యకి లాగుతుంది. నీకు లాగినట్టు నాకు లాగకపోవచ్చు" అన్నారు. అని, ఆ గదిలోకి వచ్చిన దగ్గర్నుంచి మొదటిసారి చెయ్యి చాపి, "ఏదీ, నీ సబ్బుబిళ్ళ ఇటివ్వు" అన్నారు.

పెళ్ళికార్డులు చేసే ప్రోగ్రాములో ఖాళీ పేజీ తెరిచి, నడుమ ఒక చుక్క పెట్టి, దాన్ని బాగా పెద్దది చేసి చూపించమన్నారు. బాణం గుర్తుని ఆ చుక్క మీద పెట్టి ఉంచాలి. అంతే ఆట. ఆయన మౌసు మీద చెయ్యి వేశారు. బాణం చుక్క మీదికి వచ్చింది, దాటింది, వెనక్కి వచ్చింది, చుట్టూ తిరిగింది. దీపం దగ్గర పురుగులా ఆ చుక్కని వదలనూ లేదు, దాని మీద కూర్చోనూ లేదు.

ఆయన మౌసుని వెల్లకిలా తిప్పి, మూత తీసి, బంతిని తువ్వాలుతో తుడిచారు. లోపలి చక్రాలకి అంటుకున్న నూగుని గోటితో గీకారు. ఆ గోరు చక్రం మీద నిలవడానికి ఎంత కష్టపడిందో నేను చూశాను. సాయం చెయ్యబోతే "ఉండు" అన్నారు. మళ్ళీ పెట్టారు. మళ్ళీ అదే. మర్నాడు నా చేత ప్రెస్సు నుంచి ఇంకో మౌసు తెప్పించారు. దానితోనూ అంతే. నన్ను పట్టుకోమన్నారు. బాణం చుక్క మీద చీమంతైనా కదలకుండా నిలబడింది. ఇరవైల్లో ఉన్న నా చేతి మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

"ఆయ్" అన్నారు మావయ్యగారు. పంచదార వేసిన కాఫీ తాగి అన్నట్టే.

తర్వాత చెప్పారు, అడక్కుండానే. వచ్చేముందు ఓ రోజు అక్కడ ఇనప దూలాల కట్ట దింపుతున్నారట. కింద సైగలు చేసే మనిషి మన రాజోలు వైపు వాడే. కట్ట సగం దిగాక వాడు చెయ్యెత్తి ఆపమన్నాడు. గాలి లేదు, కొక్కెం ఊగుతోంది. కాసేపు ఆగి మళ్ళీ దింపారు. ఎవరికీ ఏమీ కాలేదు. క్రేను దిగాక వాడు ఆయనతో ఆ మాటే ఎత్తలేదు, పైవాళ్ళకీ చెప్పలేదు.

"చెప్పి ఉంటే గాలి అనేవాణ్ణమ్మా. వాడు చెప్పకపోయేసరికి భయమేసింది. నన్ను చూసి జాలిపడ్డాడంటే వాడికేదో కనబడింది. అందుకే నా చెయ్యి నేనే చూసుకుందామని ఈ కర్ర కొన్నాను."

"డాక్టరుకి చూపించుకోలేదా అండీ?"

"కంపెనీ డాక్టరు చూసి ఫిట్ అని రాసేడు. అందుకే అనుమానం పెరిగింది. వాడికి నేను కావాలి. మీ అత్తయ్యని అడిగితే బాగానే ఉన్నారంటుంది, దానికీ నేను కావాలి. ఆ కర్రక్కూడా నేను కావాలి, ఎలాగోలా నడిపిద్దామని చూస్తుంది. దీనికి నాతో పని లేదమ్మా" అని మౌసు వైపు చూపించారు.

కర్రని ఇష్టపడి, మౌసుని రోజూ ఈసడించుకున్న మనిషి చివరికి తన బతుకు తేల్చే మాట దాన్నే అడిగారు. ఇష్టమైనదాని మాట నమ్మకూడదని ఆయనకి తెలుసు. అంత అనుమానం తన మీద తాను పడగలిగిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆ క్షణంలో ఆయన మీద నాకు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

ఇంట్లో చెప్పినప్పుడు రెండు రోజులు అన్నం ఎవరికీ సహించలేదు. మా ఆయన, "ఒక్క ఏడాది చేసి వచ్చెయ్యండి నాన్నా. కప్పు పడితే చాలు. కర్ర పట్టుకుంటే బాగానే ఉంటోంది కదా" అన్నారు. అది ఆశతో అన్న మాట, తప్పుపట్టలేం. మావయ్యగారు, "కర్ర పట్టుకుంటే బాగానే ఉంటుందిరా. కింద మనుషులుంటారు" అన్నారు. మా ఆయన తల దించుకున్నారు.

అత్తయ్యగారు అంతా విని, ముందు "ఇంతేనా!" అని పెద్దగా ఊపిరి వదిలారు. "ఇంకెవరో ఉన్నారనుకుని ఇన్నాళ్ళూ చచ్చిపోయేను" అన్నారు.

"ఇది తక్కువా నీకు?" అన్నారు మావయ్యగారు.

ఆవిడ అప్పుడు ఆయన కుడిచెయ్యి పట్టుకుని చూశారు. పట్టుకుంటే గానీ తెలియలేదు ఆవిడకి, అది తన చేతిలో కూడా ఆగడం లేదని. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మావయ్యగారు కొత్తపేట వెళ్ళి, ఎస్టీడీ బూతులోంచి కంపెనీకి ఫోను చేసి రానని చెప్పేశారు. కంపెనీవాళ్ళు వచ్చెయ్యమనే అన్నారట. వాళ్ళు అంతగా రమ్మన్నందుకు కూడా ఆయన అనుమానపడ్డారు. తర్వాత కాకినాడలో ఒక డాక్టరు జబ్బు పేరు చెప్పి, నెమ్మదిగా పెరుగుతుంది, మందులతో ఓపిక పట్టాలి అన్నారు. నమ్మకుండా ఇంకో డాక్టరుకి చూపించుకున్నారు. ఆయనా అదే చెప్పాక మందులు మొదలుపెట్టారు. మేడమీద స్తంభాలు అలాగే ఉన్నాయి, వాటికి అత్తయ్యగారు బట్టలారేసుకునే తాడు కట్టారు. నేను ప్రెస్సులో పూర్తిగా చేరిపోయాను. ఇల్లు ఎలాగో నడిచింది. ఎలాగో అంటే నిజంగా ఎలాగో.

పెద్దకర్మ రోజున రాజోలు నుంచి ఒకాయన వచ్చారు. నెరిసిన జుట్టు, ఎండకి నల్లబడిన మెడ. తను ఫలానా అని చెప్పుకున్నారు. కొక్కెం కింద నిలబడి సైగలు చేసింది ఆయనే. నేను చాలాసేపు ఆ మనిషిని తేరిపార చూశాను. ఆయన రెండు చేతులూ, రెండు కాళ్ళూ, భుజాలూ అన్నీ చూశాను, ఎందుకో.

"ఆయన వెళ్ళిపోయేక ఆ క్రేనెక్కినవాడు మంచోడేనమ్మా" అన్నారాయన. "కానీ మీ మావయ్యగారు పైనున్నప్పుడు నేను తలెత్తి చూసేవాణ్ణి కాదు. అంత ధీమా. ఆ ఒక్క రోజే చూసేను. చూసినట్టు ఆయనకి తెలిసిపోయింది."

"మీరెందుకు చెప్పలేదండీ ఎవరికీ?"

"ఎలా చెప్తానమ్మా? ఇంటి దగ్గర ఇంతమంది ఉన్నారు కదా ఆయనకి" అన్నారు, మా అందరివైపూ చూస్తూ. ఆయనకి భోజనం వడ్డించి, కూర మారు వెయ్యడానికి వెళ్ళినప్పుడల్లా నాకు కళ్ళు మసకబారాయి.

అందరూ వెళ్ళాక మా గదిలో కూర్చుంటే నాకు ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఇక గల్ఫు వెళ్ళనని చెప్పేసిన కొన్నాళ్ళకి ఆయన భోజనం చేసి, చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, కర్ర తగిలిస్తావా?" అన్నారు. ఆ ఆట మళ్ళీ ముట్టుకుంటారని నేను అనుకోలేదు. తగిలించాను. సెట్టింగులు తెరిచి, ఏం అడగాలో తెలియక, "ఖాళీ లేకుండానే ఉంచమంటారా మావయ్యగారూ?" అన్నాను. మళ్ళీ పరీక్షకి కూర్చున్నారేమోనని నా అనుమానం.

"వద్దమ్మా, పెట్టేసెయ్యి. ఎంత పడితే అంతా పెట్టు" అన్నారు. కుర్చీలో వెనక్కి వాలి, కర్ర అందుకున్నారు. "ఇక్కడ కిందెవరూ లేరుగా."

అలా చాలా ఏళ్ళు ఆడుకున్నారు. చెయ్యి ఏడాదికేడాది ఎక్కువ వణికేది, కర్ర ఆ చేతిలో కటకటలాడుతూ ఉండేది. నేను పక్కనే పెళ్ళికార్డుల ప్రూఫులు దిద్దుకుంటూ తలెత్తి చూసేదాన్ని. తెరమీద విమానం నీలంగా పరుచుకున్న సముద్రం పైన ఏ వణుకూ లేకుండా తిన్నగా వెళుతూ ఉండేది.